పాత జెన్‌తో ఆటోక్రాస్: ఇంజిన్ జోలికి పోకుండా సెకన్లు తగ్గించుకోవడం ఎలా

పాత కారుతో ఆటోక్రాస్, అంటే కోన్ల మధ్య గడియారంతో పోటీపడే ఆట, మొదలుపెట్టేవాళ్లలో చాలామంది మొదటి డబ్బు సైలెన్సర్ మీద పోస్తారు. నేనూ పోశాను. నాది 2001 మోడల్ మారుతి జెన్. విజయవాడ ఆటోనగర్‌లో లావు గొట్టం వేయించాక బెంజి సర్కిల్ దగ్గర సిగ్నల్ పడితే పక్క బండివాళ్లు తల తిప్పి చూసేవారు. కోన్ల మధ్య మాత్రం టైము తగ్గకపోగా అర సెకను పెరిగింది. రెండో గేరులో కింద నుంచి లాగే బలం ఆ గొట్టంలోనే పోయింది. కొన్నాళ్లకు పాత సైలెన్సర్ మళ్లీ పెట్టించి, కింద అరిగిన బుష్‌లు మార్పించి, ముందు రెండు టైర్లు కొత్తవి వేశాను. అదే గ్రౌండు, అదే కోర్సు. దాదాపు 3 సెకన్లు తగ్గింది. ఇంజిన్ మీద స్పానర్ కూడా పెట్టలేదు.

ఇరవై ఏళ్లు దాటిన కారు కొత్తలో ఎలా తిరిగేదో ముందు దాన్ని ఆ స్థితికి తీసుకురావాలి. ఆ తర్వాత టైర్లు, ఆ తర్వాత మీ చేతులు, కళ్లు. ఇంజిన్ వంతు వచ్చేసరికి దాని అవసరం ఉండదని నా నమ్మకం. నా ఉదాహరణలన్నీ జెన్‌వే అయినా ఎస్టీమ్, మారుతి 800, పాత శాంత్రో, ఐకాన్ లాంటి ముందు చక్రాలు లాగే కార్లన్నిటికీ ఇదే వరుస పనిచేస్తుంది.

ముందుగా చోటు, కాగితాలు

తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. ఖాళీ మైదానంలో కోన్లు పెట్టి దారి గీస్తారు. ఒకసారికి ఒక్క కారే వెళ్తుంది. పోటీ గడియారంతో. వేగం ఎక్కువగా 30 నుంచి 60 కిలోమీటర్ల మధ్యే ఉంటుంది, కాబట్టి పాత కారు కూడా సరిపోతుంది. మన దేశంలో ఆటోక్రాస్ మట్టి మీదా జరుగుతుంది, తారు మీదా జరుగుతుంది. పోటీల వ్యవహారం చూసేది ఫెడరేషన్ ఆఫ్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్స్ ఆఫ్ ఇండియా. వాళ్ల గుర్తింపు ఉన్న ఈవెంట్‌లో దిగాలంటే లైసెన్స్ అడుగుతారు. నిబంధనల కాగితం ముందే తెప్పించుకుని, మీ కారు ఏ తరగతిలోకి వస్తుందో, ఏ మార్పులు చేస్తే పై తరగతిలోకి తోసేస్తారో చూసుకోండి. టైర్ల సైజు విషయంలో ఇది బాగా ముఖ్యం.

బెజవాడలో గానీ గుంటూరులో గానీ మనకంటూ ట్రాక్ లేదు. పక్కా ట్రాక్ కావాలంటే చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై వెళ్లాలి, అది 1990 నుంచి ఉంది. లేదంటే కోయంబత్తూరు దగ్గర కరి స్పీడ్‌వే. ప్రాక్టీసుకి అంత దూరం అక్కర్లేదు. ప్లాట్లు వేసి ఇంకా ఇళ్లు కట్టని వెంచర్, కాంక్రీటు చేసిన గోడౌన్ యార్డు, పంట లేని గట్టి నేల, ఏదైనా చాలు. యజమాని దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. స్థానిక పోలీస్ స్టేషన్‌లో ముందే చెప్పండి. గేటు దగ్గర ఒక మనిషిని పెట్టండి, గేదెలూ పిల్లలూ చెప్పి రారు. ఒక ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పెట్టుకోండి.

అమరావతి రోడ్లు వెడల్పుగా, ఖాళీగా ఉంటాయి కదా అని ఎవరో ఒకరు ప్రతిసారీ అడుగుతారు. వద్దు. పబ్లిక్ రోడ్డు మీద పందెం, స్పీడ్ ట్రయల్ మోటారు వాహనాల చట్టం సెక్షన్ 189 కింద నేరం. మొదటిసారి దొరికితే 3 నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఇంకో సంగతి, మామూలు కారు ఇన్సూరెన్సు రేసింగ్‌లో జరిగిన నష్టానికి వర్తించదు. పాలసీ కాగితం మీద 'లిమిటేషన్స్' అన్న చోట చదవండి, ఉంటుంది. కారు 15 ఏళ్లు దాటిందంటే రిజిస్ట్రేషన్ రెన్యూవల్ అయ్యిందో లేదో కూడా చూసుకోండి. గ్రౌండు దాకా దాన్ని నడుపుకుంటూనే కదా వెళ్లాలి.

కారు కింద లూజు పట్టుకోవడం

అసలు పని ఇక్కడుంది. ఒక శనివారం పూర్తిగా దీనికే పెట్టండి. ర్యాంపు ఉన్న షెడ్డుకి వెళ్లండి, మేస్త్రీ పక్కనే నిలబడండి.

మొదట జాకీ మీద ముందు చక్రం లేపి, పైనా కిందా రెండు చేతులతో పట్టుకుని ఊపండి. టకటక కదిలితే వీల్ బేరింగ్ గానీ బాల్ జాయింట్ గానీ పోయినట్టు. ఇప్పుడు ఎడమ కుడి వైపుల పట్టుకుని ఊపండి. ఈసారి కదిలితే టై రాడ్ ఎండ్, లేదంటే స్టీరింగ్ ర్యాక్. ఏది కదులుతోందో తేలాలంటే ఒకరు ఊపుతుంటే ఇంకొకరు ఆ జాయింట్ మీద వేలు పెట్టి చూడాలి. కంటికి కనపడని లూజు వేలికి తెలుస్తుంది.

తర్వాత లోయర్ ఆర్మ్ బుష్, అంటే చక్రాన్ని కారు బాడీకి కలిపే కింది ఆర్మ్‌కి ఉండే రబ్బరు. నా జెన్ కింద మా మేస్త్రీ చిన్న గడ్డపార లాంటి రాడ్డు దూర్చి, ఆర్మ్‌ని అలా ఒకసారి నెట్టాడు. ఆర్మ్ వేలెడంత వెనక్కి పోయి, నెమ్మదిగా మళ్లీ వచ్చింది. రబ్బరు చుట్టూ పగుళ్లు, మధ్యలో జిగురు.

"ఇది బుష్షు కాదు సార్, పాకం. మీరు స్టీరింగ్ తిప్పుతారు, ఇది ఆలోచించుకుని తిరుగుతుంది."

ఆటోక్రాస్‌లో ఆ ఆలోచించుకునే సమయమే మీ టైము. స్లాలమ్‌లో, అంటే వరుసగా పెట్టిన కోన్ల మధ్య వంకరటింకరగా పోయేటప్పుడు, ఎడమ, కుడి, ఎడమ అని ఆరుసార్లు తిప్పితే ఆరుసార్లూ ఆ రబ్బరు ముందు నలిగి, ఆ తర్వాతే చక్రం తిరుగుతుంది. అది ఎంతసేపు నలుగుతుందో తెలియక మీరు ప్రతిసారీ ముందే తిప్పడం, ఎక్కువ తిప్పడం అలవాటు చేసుకుంటారు. బుష్ మార్చాక మొదటి రోజు మీకే కారు కొత్తగా, మరీ చురుగ్గా అనిపిస్తుంది. నేను మొదటి రన్‌లో లోపలి కోన్లు మూడు పడగొట్టాను.

బుష్‌లు మార్పించేటప్పుడు ఒక్క విషయం దగ్గరుండి చూసుకోండి. కొత్త బుష్ కొట్టాక ఆర్మ్ బోల్టుల్ని కారు గాల్లో వేలాడుతుండగా పూర్తిగా బిగించకూడదు. చేత్తో బిగిసేదాకా బిగించి, కారుని నేల మీదకు దించి, బరువు చక్రాల మీద పడ్డాక ఫైనల్ బిగింపు వెయ్యాలి. లేకపోతే కారు దించగానే రబ్బరు మెలి తిరిగి, ఎప్పుడూ ఆ మెలికలోనే ఉండి తొందరగా చిరిగిపోతుంది. తొందరలో ఉన్న షెడ్డులో ఇది ఎవరూ చెయ్యరు. "సార్, మళ్లీ కిందికి దూరాలి" అంటారు. ఒక టీ చెప్పించండి, దూరతారు.

ఇంజిన్ మౌంటింగులు కూడా వదలొద్దు. బానెట్ ఎత్తి, హ్యాండ్ బ్రేక్ గట్టిగా వేసి, మొదటి గేరులో క్లచ్ కొద్దిగా వదలమని లోపల కూర్చున్న ఇంకొకరికి చెప్పి చూడండి. మీరు కారు పక్కన నిలబడాలి, ముందు కాదు. ఇంజిన్ ఒక పక్కకి లేచి కూర్చుంటుంటే మౌంటింగులు పోయినట్టు. యాక్సిలరేటర్ వదిలి నొక్కిన ప్రతిసారీ ఆ ఇంజిన్ ఊగుతుంది, దాంతోపాటే కారు ముక్కు కూడా.

షాకబ్జర్ల విషయంలో బానెట్ మీద నొక్కి ఊపి చూసే పరీక్షని పెద్దగా నమ్మకండి. సగం పోయిన షాకబ్జర్ కూడా ఆ పరీక్షలో పాసవుతుంది. రాడ్డు మీద ఆయిల్ తడి ఉంటే, టైరు మీద అలలు అలలుగా అరుగుదల ఉంటే మార్చండి. జతగా మార్చండి, ఒక్కటి కాదు. కారు కిందకి దిగాలని స్ప్రింగులు కోయించడం ఎక్కువమంది చేసే పొరపాటు. చూడ్డానికి బాగుంటుంది. స్ట్రట్‌కి, అంటే షాకబ్జర్, స్ప్రింగు కలిసి ఉండే భాగానికి, కదిలే చోటు తగ్గిపోయి, గతుకు రాగానే చివర్లో ఆపే రబ్బరు (బంప్ స్టాప్) మీద కూర్చుని ముందు చక్రం పట్టు వదిలేస్తుంది.

లూజంతా తీశాకే వీల్ అలైన్‌మెంట్. ఈ వరుస తప్పితే డబ్బు దండగ. నేను ఒకసారి లూజు టై రాడ్ ఎండ్ ఉన్న కారుకే అలైన్‌మెంట్ చేయించాను. స్క్రీన్ మీద అన్నీ పచ్చగా చూపించి పంపించారు. ఇంటికి చేరేలోపే స్టీరింగ్ వంకర పోయింది. ముందు చక్రాల టో, అంటే పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కొలత, సున్నా దగ్గర పెట్టమనండి. పోటీకి అలవాటయ్యాక ఒకటి, రెండు మిల్లీమీటర్లు టో అవుట్ (చక్రాల ముందు అంచులు బయటికి) పెట్టి చూడొచ్చు, కారు ముక్కు తొందరగా తిరుగుతుంది. అయితే రోజూ హైవే మీద తిరిగే కారుకి అంతకు మించి పెడితే టైర్ల లోపలి అంచు తినేస్తుంది. క్యాంబర్, అంటే చక్రం పైభాగం లోపలికో బయటికో వాలడం, సర్దడానికి పాత మారుతుల్లో చోటు తక్కువ. స్ట్రట్ కింది రెండు బోల్టులు వదులు చేసి, చక్రం పై అంచు లోపలికి నెట్టి బిగిస్తే ఉన్న కాస్త సందు దొరుకుతుంది. రెండు వైపులా ఒకేలా ఉండాలి.

బ్రేకులు, వేడి

బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చారో గుర్తు లేకపోతే మార్చాల్సిందే అని అర్థం. అది గాల్లో తేమ పీల్చుకుంటుంది. డాట్ 3 ఆయిల్ కొత్తలో కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక 140 దగ్గరే మరుగుతుంది. డాట్ 4 అయితే 230, 155. మన ఊళ్లలో గాలి తేమ సంగతి చెప్పక్కర్లేదు. మరిగిన ఆయిల్‌లో బుడగలు పుట్టి పెడల్ నేల దాకా పోతుంది. మాస్టర్ సిలిండర్ మూత మీద ఏ గ్రేడు రాసి ఉందో చూసి, డాట్ 4 పనికొస్తే అదే పోయించి, నాలుగు చక్రాల దగ్గరా గాలి తీయించండి. ముందు ప్యాడ్లు మంచివి చాలు, డిస్కులు పెద్దవి చెయ్యక్కర్లేదు. కాలిపర్ పిన్నులు కదులుతున్నాయో లేదో మాత్రం చూడండి. పాత కార్లలో ఒక పక్క పిన్ను బిగుసుకుపోయి, బ్రేక్ వెయ్యగానే కారు ఒక పక్కకి లాగుతుంటుంది.

హ్యాండ్ బ్రేక్‌కి వేరే శ్రద్ధ కావాలి, ఎందుకంటే మన దగ్గర కోర్సుల్లో కోన్ చుట్టూ పూర్తిగా తిరిగి వెనక్కి వచ్చే మలుపు తరచుగా ఉంటుంది. మొదట వెనక చక్రాల డ్రమ్ములు విప్పి దుమ్ము తుడిపించి, షూలు సర్దించండి. కేబుల్ ఆ తర్వాతే. కేబుల్ బిగించేసి షూలు వదిలేస్తే రెండు రోజులకి మళ్లీ లివర్ ఆకాశానికి లేస్తుంది.

వేడి గురించి ఒక విచిత్రమైన అలవాటు ఇక్కడ ఉంది. పాత కారు రేడియేటర్ పని చేయిస్తే, థర్మోస్టాట్ వాల్వ్ తీసి పక్కన పడేస్తారు. "మన ఎండలకి ఇది అక్కర్లేదు సార్." రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఊరే అయినా ఆ వాల్వ్ కావాలి. అది లేకపోతే ఇంజిన్ సరైన వేడికి రావడానికి చాలాసేపు పడుతుంది. నా జెన్ లాంటి ఎంపీఎఫ్ఐ కార్లలో, అంటే పెట్రోలుని కంప్యూటర్ కొలిచి పోసేవాటిలో, కంప్యూటర్ ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందనుకుని పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంటుంది. మీ కారులో అది ఉందో లేదో అడగండి. లేకపోతే కొత్తది వేయించి, కూలెంట్ కొత్తది పోయించండి, బోరు నీళ్లు కాదు. పోటీ రోజున ఏసీ ఆపేయండి. రన్‌కీ రన్‌కీ మధ్య బానెట్ ఎత్తి ఉంచండి. వేడిగా ఉన్న రేడియేటర్ మూత మాత్రం ఎంత తెలిసినవాడు చెప్పినా తియ్యొద్దు.

టైర్లు, గాలి

డబ్బు పెట్టడానికి ఒక్క చోటే ఉందంటే అది టైర్లే. టైరు పక్కన చిన్న గడిలో నాలుగంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. లోతు ఎంత మిగిలి ఉన్నా ఆరేడేళ్లు దాటిన రబ్బరు గట్టిపడిపోతుంది, ఎండలో నిలబెట్టే కారుదైతే ఇంకా ముందే. గోరుతో నొక్కి చూడండి. గోరు జారిపోతుంటే అది టైరు కాదు, గాజు. 13 అంగుళాల చక్రాలకి 155 లేదా 165 వెడల్పు మంచి రోడ్డు టైర్లు దొరుకుతాయి. మీ తరగతి నిబంధన ఒప్పుకుంటే 165 వేసుకోండి. 175 వేసి ఫెండర్‌కి రాపిడి పెట్టుకున్నవాళ్లని చూశాను. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడల్లా కరకరమంటూ అర సెకను తినేస్తుంది.

గాలి సంగతి కొంచెం నిదానంగా చూద్దాం. ఒక సుద్దముక్క తీసుకుని, ప్రతి టైరు భుజం మీద, అంటే నేలకి ఆనే భాగం పక్కకి తిరిగే అంచు దగ్గర, మూడు చోట్ల అడ్డంగా గీత పెట్టండి. తారు మీద ఒక రన్ చేసి దిగి చూడండి. గీత టైరు పక్క గోడ మీద దాకా చెరిగిపోతే టైరు మలుపులో పక్కకి పడిపోతోంది, గాలి తక్కువైంది. గీత అసలు చెరగకపోతే గాలి ఎక్కువైంది, నేలకి ఆనాల్సినంత ఆనడం లేదు. సరిగ్గా భుజం అంచున ఆగితే సరే. చాలా టైర్ల మీద ఆ చోటే చిన్న త్రికోణం గుర్తు కూడా ఉంటుంది, అక్కడిదాకా చెరిగితే చాలు.

నా జెన్‌కి ఉదయం తారు మీద ముందు 34 పీఎస్ఐ, వెనక 32తో మొదలుపెడతాను. మీది వేరే సంఖ్య రావచ్చు, సుద్దే చెప్తుంది. టైరు మీద రాసిన గరిష్ఠాన్ని మాత్రం దాటొద్దు. కారు ముందు జారుతూ మలుపు బయటికి పోతుంటే వెనక టైర్లలో 2 పెంచి చూడండి, వెనక పట్టు కొంచెం తగ్గి కారు తిరుగుతుంది. తిరగడం మరీ ఎక్కువైతే అదే రెండూ తీసేయండి. ఒకసారికి ఒకే మార్పు. మట్టి మీద అయితే ముందూ వెనకా నాలుగైదు తగ్గించండి.

బంకులో గాలి మీటర్ని నమ్మకండి. రెండు బంకుల్లో ఒకే టైరు 30, 34 చూపించాయి నాకు. సొంత గేజ్ కొనుక్కోండి, అది తప్పు చూపించినా ప్రతిసారీ అదే తప్పు చూపిస్తుంది. ఇంకోటి, టైరు వేడి సుమారు ఐదున్నర డిగ్రీలు పెరిగితే గాలి ఒక పీఎస్ఐ పెరుగుతుంది. ఉదయం 7కి పెట్టింది మధ్యాహ్నం 12కి ఉండదు. ప్రతి రన్ ముందూ చూడాలి, పెరిగింది తీసెయ్యాలి.

గుంటూరు వైపు నల్లరేగడి మీద నడిపేవాళ్లకి ఒక మాట. చినుకు పడ్డాక ఆ మట్టి రిమ్ లోపల పిండి ముద్దలా అంటుకుంటుంది. ఇంటికి వచ్చే దారిలో స్టీరింగ్ వణికితే బ్యాలెన్సింగ్ పోయిందని కంగారు పడకండి. ముందు పుల్లతో ఆ మట్టి గీకండి.

బరువు

స్టెప్నీ, జాకీ, డిక్కీలో పడుకున్న చాపలు, దేవుడి బొమ్మలు, స్పీకర్ డబ్బా, అన్నీ దించెయ్యండి. జెన్ మొత్తం బరువే 750 కిలోల చుట్టుపక్కల. అందులో 40 కిలోలు తీస్తే పెద్ద సంగతే. గ్యాస్ కిట్ ఉంటే ఆ సిలిండర్ వెనక కూర్చున్న ఇద్దరు పిల్లలంత బరువు. కాకపోతే దాన్ని తీయించాలంటే ఆర్‌సీలో కూడా మార్పించుకోవాలి.

పెట్రోలు తక్కువ పోసుకుంటే బరువు తగ్గుతుందని నేను రిజర్వులో దిగాను ఒకసారి. 10 లీటర్లకి తగ్గేది ఏడున్నర కిలోలు. పొడవాటి కుడి మలుపులో ట్యాంకులో ఉన్న కాస్త పెట్రోలూ పక్కకి పోయి, ఇంజిన్ రెండుసార్లు ఎక్కిళ్లు పెట్టింది. ఆ రన్ పోయింది. పావు ట్యాంకుకి తగ్గొద్దు.

సీటు, బెల్టు

పాత కారు సీట్లలో మలుపు తిరిగితే మనమే పక్క సీట్లోకి జారతాం. అలా జారకుండా స్టీరింగ్‌నే పట్టుకుని వేలాడుతుంటే కారు ఏం చెప్తోందో చేతులకి తెలియదు. తువ్వాలు కవర్లు, పూసల కవర్లు తీసేయండి. సీటు వీపు కాస్త నిటారుగా పెట్టి, చెయ్యి చాపితే మణికట్టు స్టీరింగ్ పై అంచు మీద ఆనేలా జరుపుకోండి. తర్వాత సీటుని ఒక గాటు వెనక్కి జరిపి, బెల్టు పెట్టుకుని, భుజం దగ్గర గట్టిగా గుంజితే లాక్ పడుతుంది. ఆ లాక్ వదలకుండా సీటు ముందుకి జరిపితే బెల్టు ఒంటికి అతుక్కుపోతుంది. ఖర్చు లేని పని, నా లెక్కలో స్పోర్ట్స్ స్టీరింగ్ కన్నా మేలు. ఎడమ కాలు డెడ్ పెడల్ (క్లచ్ పక్కన కాలు ఆనించుకునే చోటు) మీద గట్టిగా ఆనించండి. హెల్మెట్ ఫుల్ ఫేస్‌ది పెట్టుకోండి. చెప్పులతో డ్రైవింగ్ వద్దు.

కోర్సు నడవడం

కారెక్కే ముందు కోర్సు మూడుసార్లు నడవండి. మొదటిసారి దారి గుర్తుపట్టడానికి. దోస్తులతో కబుర్లు చెప్పుకుంటూ నడిచే నడక ఇదొక్కటే. రెండోసారి ఒంటరిగా, ప్రతి మలుపు దగ్గరా కూర్చుని చూడండి. నిలబడితే కోర్సు మ్యాపులా కనిపిస్తుంది. కారులో మీ కళ్లు ఉండే ఎత్తు నుంచి చూస్తే కోన్లన్నీ ఒకదాని వెనక ఒకటి దాక్కుని, ఎటు పోవాలో తెలియని అడవిలా ఉంటుంది. గంటకి 50 కిలోమీటర్ల వేగంలో సెకనుకి దాదాపు 14 మీటర్లు పోతారు. ఆ అడవిలో ఎటో తేల్చుకోవడానికి సమయం ఉండదు.

మూడోసారి నడిచేటప్పుడు చివరి నుంచి మొదటికి ఆలోచించండి. పొడవైన సాఫీ భాగం ఏది, దానికి ముందున్న మలుపు ఏది అని. ఆ మలుపు నుంచి ఎంత వేగంగా బయటికొస్తే ఆ సాఫీ అంతా అంత లాభం. దానికి ముందున్న మలుపులు కాస్త నష్టపోయినా పర్వాలేదు. 60 గుర్రాల కారుకి ఇది రెండింతలు నిజం. పోయిన వేగం తిరిగి తెచ్చుకోవడానికి మన దగ్గర బలం లేదు.

ప్రాక్టీసులో అయితే కబడ్డీ కోర్టు గీసే సున్నప్పొడి పట్టుకెళ్లండి. బ్రేకు ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ తిప్పాలో నేల మీద గీతలు పెట్టుకుని నడపండి. నాలుగో రన్ నుంచి గీత లేకుండా అదే చోట బ్రేకు వేస్తున్నారో లేదో పక్కనుంచి ఎవరినైనా చూడమనండి.

స్టీరింగ్ పట్టాక

స్టార్టు గురించి ఎక్కువ ఆలోచించొద్దు. చక్రాలు గిర్రున తిరగకుండా 2,000, 2,500 ఆర్‌పీఎమ్ మధ్య క్లచ్ వదిలి, త్వరగా రెండో గేరులోకి వచ్చేయండి. జెన్ లాంటి కారుకి మిగిలిన కోర్సంతా దాదాపు రెండో గేరులోనే అయిపోతుంది. మధ్యలో గేరు మార్చాలా వద్దా అన్న అనుమానం వస్తే మార్చొద్దు.

మలుపుల్లో దారి ఎంత ముఖ్యమో ఒక చిన్న లెక్క. మంచి తారు మీద రోడ్డు టైర్లతో 10 మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపు గంటకి సుమారు 32 కిలోమీటర్ల వేగంతో తిరగొచ్చు. అదే కోన్ల మధ్య బయటి నుంచి వచ్చి, లోపలికి ఆనుకుని, మళ్లీ బయటికి వెళ్తూ మీ దారిని 12 మీటర్ల వ్యాసార్థానికి పెంచుకుంటే సుమారు 35. టైర్లు మార్చలేదు, ఇంజిన్ మార్చలేదు, రెండు మీటర్ల చోటు వాడుకున్నారంతే. మట్టి మీద ఈ అంకెలు 25, 27 దగ్గరికి పడిపోతాయి.

బ్రేకు నేరుగా ఉన్నప్పుడే గట్టిగా వేసి, తిప్పడం మొదలవుతుండగా నెమ్మదిగా వదలండి. ఆలస్యంగా బ్రేకు వేసి మలుపులోకి ఎక్కువ వేగంతో దూకడం కొత్తవాళ్లకి వీరత్వంలా అనిపిస్తుంది. వేగం 10 శాతం పెరిగితే బ్రేకులు మింగాల్సిన శక్తి 21 శాతం పెరుగుతుంది. ముందు టైర్లు ఒకేసారి ఆపలేవు, తిప్పలేవు. చివరికి స్టీరింగ్ పూర్తిగా తిరిగి ఉంటుంది, కారు మాత్రం నేరుగా పోతుంటుంది. అప్పుడు మన చెయ్యి ఇంకా తిప్పుతుంది, అదే తప్పు. ముందు జారుతుంటే స్టీరింగ్ కాస్త వెనక్కి తెరవండి, యాక్సిలరేటర్ కొంచెం తగ్గించండి. బరువు ముందుకొచ్చి టైరు మళ్లీ పట్టుకుంటుంది. పట్టుకున్న ఆ చిన్న 'టక్' చేతికి తెలుస్తుంది. నాకది తెలియడానికి ఒక సీజన్ పట్టింది.

స్లాలమ్‌లో కోన్లు సాధారణంగా 15 మీటర్ల దూరంలో ఉంటాయనుకోండి. 40 కిలోమీటర్ల వేగంలో ఒక కోన్ నుంచి ఇంకో కోన్‌కి సెకనున్నర కూడా పట్టదు. కాబట్టి కోన్ చూసి తిప్పితే అప్పటికే ఆలస్యం. కోన్ పక్కకి చేరేసరికే కారు ముక్కు తర్వాతి వైపుకి తిరుగుతూ ఉండాలి. అంటే తిప్పడం మీకు తొందరగా అనిపించేంత ముందు మొదలవ్వాలి. కళ్లు పక్కనున్న కోన్ మీద కాదు, దాని తర్వాతిదాని మీద ఉండాలి. వెనక చక్రం ముందు చక్రం కంటే లోపలగా వస్తుందని గుర్తుంచుకోండి. పడే కోన్లలో ఎక్కువ వెనక చక్రానికే తగులుతాయి, డ్రైవర్‌కి ఆ చప్పుడు కూడా వినపడదు. కోన్‌కి ఎంత పెనాల్టీయో ఈవెంట్‌ని బట్టి ఉంటుంది. అమెరికాలో స్పోర్ట్స్ కార్ క్లబ్ (ఎస్‌సీసీఏ) నడిపే సోలో అనే ఆటోక్రాస్ పోటీల్లో అది 2 సెకన్లు. రెండు సెకన్లు మళ్లీ సంపాదించడం ఎంత కష్టమో ఈపాటికి తెలిసే ఉంటుంది.

ఇక హ్యాండ్ బ్రేక్ మలుపు. దీన్ని ముందు గట్టి మట్టి మీదే నేర్చుకోండి, తారు మీద నేర్చుకుంటే టైర్లు పోతాయి. వేగం 30 దాకా తగ్గించాక స్టీరింగ్ ఒక్కసారిగా తిప్పాలి. ముక్కు లోపలికి తిరగడం మొదలైన క్షణంలో క్లచ్ నొక్కి, లివర్ బటన్ నొక్కే ఉంచి గుంజాలి. వెనక జారి కారు సగం తిరిగాక లివర్ వదిలి, స్టీరింగ్ నేరుగా తెచ్చి, క్లచ్ వదిలి యాక్సిలరేటర్ ఇవ్వాలి. అందరూ చేసే తప్పు స్టీరింగ్ తిప్పకముందే లివర్ గుంజడం. అలా చేస్తే వెనక చక్రాలు ఆగిపోయి కారు నేరుగా జారిపోతుంది. ఒక ఆదివారం మొత్తం దీనికే ఇచ్చుకోండి. ఒకే కోన్, ఎడమ వైపు 20 సార్లు, కుడి వైపు 20 సార్లు. కుడి వైపు కష్టంగా ఉంటుంది, అదేమిటో నాకు ఇప్పటికీ అలాగే ఉంది.

ఏది పనిచేసిందో ఎలా తెలుస్తుంది

పుస్తకం పెట్టుకోండి. తేదీ, నేల, ఎండ, నాలుగు టైర్ల గాలి, టైము, పడ్డ కోన్లు, ఒక్క వాక్యం. ఏ మార్పు చేసినా కనీసం మూడు రన్లు చేసి, మధ్యలో వచ్చిన టైము తీసుకోండి, అన్నిటికన్నా మంచిది కాదు. ఒక్క మంచి రన్ మనల్ని మోసం చేస్తుంది. మార్పు చేశాక మళ్లీ పాత అమరికకి వెళ్లి ఒక రన్ చేస్తే ఇంకా మంచిది, ఎందుకంటే ఆ గంటలో మీరూ మెరుగుపడి ఉంటారు, గొప్ప టైరుది అనుకుంటారు. ఫోన్‌ని డాష్‌బోర్డ్‌కి గట్టిగా బిగించి వీడియో తీయండి. రాత్రికి చూసుకుంటే మీ చేతులు ఎంత ఎక్కువ తిప్పుతున్నాయో చూసి మీకే సిగ్గేస్తుంది.

మీకంటే మంచి డ్రైవర్ ఎవరైనా ఉంటే మీ కారు ఒక రన్ ఇవ్వండి. మా కుర్రాడొకడు, ఎస్టీమ్ నడుపుతాడు, నా జెన్ తీసుకుని మొదటి రన్‌లోనే నాకన్నా సెకనుంబావు తక్కువలో వచ్చాడు. దిగి, "అన్నా, బండి బానే ఉంది" అన్నాడు. అంతకు ముందు రోజే నేను ఇంజిన్ బలం పెంచడానికి క్యామ్ షాఫ్ట్ గ్రైండింగ్ గురించి లేత్ షాపులో ధర కనుక్కుని వచ్చాను. మళ్లీ అటు పోలేదు.

ఎండల్లో ప్రాక్టీసు పెట్టుకుంటే పొద్దున 6కి మొదలుపెట్టి 9కి ఆపేయండి. మజ్జిగ, నీళ్లు కారులో కాకుండా నీడలో పెట్టుకోండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా రోజంతా చేసుకోవచ్చు.

ఇంటికి బయల్దేరేముందు

వీల్ నట్లు మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కి మళ్లీ బిగించండి. స్టెప్నీ, జాకీ లోపల పెట్టండి. గాలి మామూలు స్థాయికి తెచ్చుకోండి. బ్రేకులు వేడిగా ఉన్నప్పుడు హ్యాండ్ బ్రేక్ వేసి కారు నిలపొద్దు, గేరులో పెట్టి చక్రానికి రాయి పెట్టండి. డ్రమ్ములు చల్లారేదాకా నెమ్మదిగా ఒక కిలోమీటరు నడిపితే మంచిది. గుంటూరు పోయేవాళ్లు కాజ టోల్ దగ్గర క్యూలో టెంపరేచర్ ముల్లు మీద ఒక కన్నేసి ఉంచండి, రోజంతా కాలిన రేడియేటర్ ఫ్యాను పాడైందని తెలిసేది అక్కడే. మర్నాడు కారు ర్యాంపు ఎక్కించి, ఆ రాడ్డుతోనే లోయర్ ఆర్మ్‌ని మళ్లీ ఒకసారి నెట్టి చూడమనండి.